వీరగల్లు ఫోటోలో నల్లటి ముక్క

2019 అక్టోబరు 10, గురువారం. అనంతపురం. ఉదయం మ్యూజియం ఆఫీసు గదిలో ఉన్నవారు: మేనేజరు నరసింహారెడ్డి, కంప్యూటర్ రిపేరు షాపు నడిపే షమీమ్, ఉరవకొండ పక్క పల్లెనుంచి వచ్చిన గొర్రెల కాపరుల పెద్ద లింగప్ప, ఆయన చెల్లెలు ఓబులమ్మ, నేను.

ఉద్యోగంలో చేరిన నాటినుంచి డైరీలో పనిరోజును ఇలాగే మొదలుపెట్టడం నా అలవాటు. ఎవరున్నారో రాసుకుంటే ఎవరేమన్నారో దానంతటదే గుర్తొస్తుంది. ఆనాటి పుటలు తీసినప్పుడల్లా ఆ గదిలో ఉన్న మిగతా నలుగురికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మాది ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం. రిటైరయ్యేదాకా అక్కడ డిజిటల్ ఆర్కైవ్ చూసేవాణ్ణి. అంటే, ఫోటోల రూపంలో ఉన్న కంప్యూటర్ ఫైళ్ళను చెడిపోకుండా కాపాడే పని. వినడానికి ఇదేం ఉద్యోగం అనిపిస్తుంది. రాయి కదలకుండా ఒకచోట పడి ఉంటుంది, ఫైలు అలా కాదు. డిస్కు పాతబడుతుంది, దాన్ని తెరిచే ప్రోగ్రాము మారిపోతుంది, ఎవరో తెరిచి కాస్త వెలుగు పెంచి అదే పేరుతో దాచేస్తారు. పదేళ్ళ తర్వాత తెరిచేవాడికి అసలు ఏదో, మార్చింది ఏదో తెలియదు.

అందుకని మూడు పద్ధతులు పాటించేవాళ్ళం. అసలు ఫోటోను టిఫ్ అనే రకం ఫైలుగా ఉంచుతాం. అది చాలా చోటు తింటుంది కానీ, ఫోటోలోని ఏ చుక్కనూ పిండి కుదించదు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీస్తాం. ఫైలులోని ప్రతి అంకెనూ కలిపి లెక్కగట్టిన పొడవాటి సంఖ్య అది. ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ఇక మూడోది, ప్రతిదానికీ మూడు కాపీలు. ఒకటి నా గదిలో, ఒకటి ట్రస్టు ఆఫీసు బీరువాలో, ఒకటి సోమందేపల్లెలో మాకున్న స్టోరు గదిలో. ఒకచోట నిప్పంటుకున్నా ఇంకోచోట మిగలాలి.

ఇంత పద్ధతిగా ఉన్న మేము ఏటా ఒక్కరోజు మాత్రం ఆ మూడు డిస్కులనూ ఒకేచోట పెట్టేవాళ్ళం. ఆయుధపూజ రోజు. కొడవలికీ, ట్రాక్టరుకూ, తూకం రాళ్ళకూ బొట్టు పెట్టే జిల్లా మాది. ఆఫీసులో కెమెరా, కంప్యూటరు, స్కానరు అన్నీ వరసగా బల్లమీద పేర్చి పూజ చేస్తాం. "సోమందేపల్లె డిస్కు పాపం ఏం జేసింది, దానికీ బొట్టు పడాల" అని రెడ్డిగారు దాన్ని బస్సులో తెప్పించేవారు. పండగ అయ్యాక వెనక్కి పంపేవాళ్ళం. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. ఎవరికీ తప్పు అనిపించలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఆ ఏడు పూజ సోమవారం జరిగింది. ఆ రాత్రి వాన పడింది. మా దగ్గర వాన పడితే ఇంటి కప్పు గురించి ఎవరూ ఆలోచించరు. గడపలో నిలబడి చూస్తూ ఉండిపోతారు. నేనూ అదే చేశాను. మంగళవారం దసరా సెలవు. బుధవారం తలుపు తీసేసరికి పూజ బల్లమీద పైకప్పు నీళ్ళు పడి, పసుపు నీళ్ళలో మూడు డిస్కులూ నానుతున్నాయి.

నాకంటే ముందొచ్చిన రెడ్డిగారు వాటిని తీసుకెళ్ళి మేడమీద ఎండలో పెట్టారు. ఎవరో ఆరబోసిన వేరుశనక్కాయల పక్కన.

"అప్పడాల మాదిరి ఎండబెట్టినారా సార్?" అని మధ్యాహ్నం షమీమ్ అడిగింది. గడియార స్తంభం దగ్గర ఆమెకు షాపు ఉంది. ఏ డిస్కు చెడినా ఆమె దగ్గరికే తీసుకెళ్ళేవాణ్ణి.

"మరి తడిసినదాన్ని ఏం జేస్తారమ్మా?" అన్నారు రెడ్డిగారు.

"కరెంటు పెట్టినారా?"

"పెడతాంటే ఈ రామాంజి చెయ్యి పట్టుకున్యాడు," అన్నారు నన్ను చూపిస్తూ.

"ఆ చెయ్యికి దండం పెట్టండి," అని ఆమె మూడింటినీ బట్టలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

లింగప్ప, ఓబులమ్మ గురువారం వస్తారని అప్పటికే నిర్ణయమై ఉంది. వాళ్ళ పల్లె బయట ఒక వీరగల్లు ఉండేది. మంద కోసమో ఊరి కోసమో పోరాడి చనిపోయినవాడి జ్ఞాపకంగా బొమ్మ చెక్కి నిలిపే రాతిని వీరగల్లు అంటారు. ఆ ఊరి గొర్రెల కాపరులకు ఆ రాతిలోని మనిషే ఇంటిదేవుడు. ఆ వేసవిలో గుప్తనిధులు వెతికేవాళ్ళు దానికింద తవ్వి, అడ్డొచ్చిన రాతిని సుత్తులతో ముక్కలు చేసి పోయారు. మళ్ళీ చెక్కించాలని ఊరంతా కలిసి కొత్త రాయి తెచ్చుకున్నారు. శిల్పి మాత్రం, "అసలు ఎట్లుండెనో చూపిస్తే చెక్కుతా, ఊహించి చెక్కను" అన్నాడట.

ఊళ్ళో ఫోన్లున్న అందరి దగ్గరా ఆ రాతి ఫోటోలున్నాయి. అన్నింటిలోనూ పసుపు ముద్దే. తరాలుగా బండారు, అంటే దేవుడికి పూసే పసుపు, నూనెతో కలిసి మందంగా పేరుకుంది. కొన్నేళ్ళ కిందట ఊరివాళ్ళు ఒకసారి రాతిని కడిగిన రోజున మా అప్పటి ఫోటోగ్రాఫరు అక్కడికి వెళ్ళాడు. సాయంత్రం దాకా ఆగి, పక్కనుంచి దీపం వేసి తీశాడు. ర్యాకింగ్ లైట్ అంటారు. వెలుగు ఏటవాలుగా పడితే అరిగిన గీత కూడా నీడతో లేచి కనిపిస్తుంది. ఆ రాతి ఒళ్ళు కనిపించే ఫోటో లోకంలో అదొక్కటే. మా వెబ్‌సైటులో దాని చిన్న కాపీ ఉంది కానీ, పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. అసలుది ఆ మూడు డిస్కుల్లోనే.

గురువారం పొద్దున వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. తిడతారని సిద్ధపడ్డాను. లింగప్ప చాలాసేపు తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఏమప్పా, మా రాయి పగిలిపాయ, నీ పెట్టె తడిసిపాయ. ఇద్దరం ఇద్దరమే," అన్నాడు.

"పూజ జేస్తే తడిసిందంట, దొంగలు జేస్తే కాదు," అంది ఓబులమ్మ. "దానికేం అనేది ఉండాది? వానొచ్చింది గదా, అది చాలు."

లేచి వాళ్ళిద్దరికీ మంచినీళ్ళు తెచ్చాను.

షమీమ్ పదకొండు గంటల ప్రాంతంలో ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఒక డిస్కు పూర్తిగా పోయింది. మిగతా రెండూ బోర్డులు శుభ్రం చేశాక చదువుతున్నాయి గానీ అక్కడక్కడా ఆగిపోతున్నాయి. మా అదృష్టం ఏమిటంటే, టిఫ్ ఫైలులో ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా వరసగా ఉంటుంది. కొంత పోయినా మిగతాది తెరుచుకుంటుంది. చదవలేని చోట కంప్యూటరు సున్నాలు నింపుతుంది. సున్నా అంటే నలుపు. మొదటి డిస్కులోని ఫోటోలో వీరుడి ముఖం మీదుగా నల్లటి పట్టీలు ఉన్నాయి. రెండోదాంట్లో ముఖం శుభ్రంగా ఉంది, కత్తి పట్టిన చెయ్యి లేదు. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లోనుంచి తెచ్చి ఆమె అతుకుతూ పోయింది. మేము నలుగురం ఆమె భుజం వెనక నిలబడ్డాం. పట్టీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

చివరి పట్టీ పోగానే లింగప్ప రెండు చేతులూ జోడించాడు. "స్వామి ముఖం ఇట్లుండాదా? డెబ్బై ఏండ్లు మొక్కినా, ఈరోజు జూస్తాండా."

"అయిపాయ గదా. ప్రింటు తియ్యి రామాంజీ," అన్నారు రెడ్డిగారు.

చెక్‌సమ్ చూడకుండా తీయనన్నాను. వేలిముద్రల ఫైలు నా ఆఫీసు మెయిల్‌లో భద్రంగానే ఉంది. అతికిన ఫోటోకు వేలిముద్ర తీసి పోల్చాను. కలవలేదు.

"బాగనే ఉండాది గదప్పా," అన్నాడు లింగప్ప, తెర మీదికి వంగి. "ముఖముంది, కత్తుంది, పక్కన కుక్కుంది. ఇంకేం గావాల?"

"ఎక్కడో ఇంకా తప్పుందన్నా. ఎక్కడో నాకూ తెలీదు."

"కంటికి కనపడని తప్పు ఉంటే ఏం, లేకుంటే ఏం?" అన్నారు రెడ్డిగారు. "వాళ్ళు బస్సుకు పోవాల."

నిజానికి ఆయన మాటలో న్యాయం ఉంది. శిల్పికి కావలసింది ముఖం, భంగిమ. అవి ఉన్నాయి. నేను జవాబు చెప్పేలోపే ఓబులమ్మ అడిగింది.

"గొర్రిపిల్ల యాడుండాది?"

"మళ్ళా మొదలుపెట్టింది," అన్నాడు లింగప్ప మావైపు తిరిగి. "గొర్రిపిల్ల లేదు, ఏం లేదు. కుక్కే. చిన్నప్పటినుంచీ ఇదే గోల."

"మా అవ్వ చెప్పింది. స్వామి కాళ్ళ సందున గొర్రిపిల్ల ఉండాది, దానికోసరమే పానమిడిసినాడని. అవ్వ అబద్ధమాడుతుందా?"

"అవ్వ పసుపులో ఏం జూసిండాది? రాయి కడిగిన పొద్దు నువ్వే ఉంటివి గదా, జూస్తివా?"

"జరమొచ్చి పండుకోనుంటి. పోయినోనివి నువ్వు. రాయిదిక్కన్నా జూసినావా నువ్వు, జనాలకు మజ్జిగ పోసే పనిలో ఉంటివి."

షమీమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వు ఆపుకుంటోంది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. వీరుడి పాదాల దగ్గరికి ఫోటోను పెద్దది చేసింది. అక్కడ దీపం నీడ పడి ఉంది. నల్లగానే ఉండాలి, నల్లగానే ఉంది. ఆమె దాని అంకెలు తెరిచి చూసింది.

"సార్, నీడ అయితే అంకెలు కొంచెం కొంచెం మారుతుండాల. ఇక్కడ అన్నీ సున్నాలు. ఇది నీడ కాదు. రెండు డిస్కుల్లోనూ పోయిన ముక్క. నలుపులో నలుపు కలిసిపోయి నాకూ కనపడలేదు."

ముఖం మీద పోయినది అందరికీ కనిపించింది. నీడలో పోయినది చెక్‌సమ్‌కు తప్ప ఎవరికీ కనిపించలేదు.

ఆమె తక్కువ పాడైన డిస్కును తీసుకుని షాపుకు వెళ్ళింది. ఆ ఒక్క ముక్కను నిదానంగా, చివరినుంచి వెనక్కి చదివిస్తానంది. ఒక్కోసారి ముందునుంచి చదివితే రానిది వెనకనుంచి వస్తుందట. వస్తుందని హామీ ఇవ్వలేదు. లింగప్ప బస్సు వదిలేశాడు. రెడ్డిగారు తన ఇంటినుంచే ఇద్దరికీ సంగటి, ఊరిబిండి తెప్పించి తానే వడ్డించారు.

పొద్దు వాలుతుండగా షమీమ్ తిరిగొచ్చింది. ఆ ముక్కను ఫోటోలో అతికి, వెలుగు పెంచి చూపింది. నీడలో, వీరుడి రెండు పాదాల మధ్య, ముడుచుకుని పడుకున్న చిన్న గొర్రెపిల్ల. చెవి మీద గీతలు కూడా తెలుస్తున్నాయి.

వేలిముద్ర తీశాను. మొదటి అంకెనుంచి చివరిదాకా కలిసింది.

ఓబులమ్మ గెలిచినట్టు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగప్ప మాత్రం చెల్లెలి వైపు చూడకుండా, "అవ్వ చెప్పింది నిజమే పాపా," అన్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పగలను. చూడటానికి బాగున్నదంతా సరైనదని సంతకం పెట్టకూడదు. సరిచూసే పద్ధతి ఒకటి ఉన్నప్పుడు, ఎదుటివాళ్ళు బస్సుకు తొందరపడుతున్నా, దాన్ని చివరిదాకా నడపాలి. ఇక మూడు కాపీలు మూడు చోట్ల అనే నియమానికి పండగ సెలవు ఉండదు. ఆ తర్వాత కూడా మేము ఆయుధపూజ మానలేదు. కుంకుమ పొట్లం డిస్కు దగ్గరికి వెళ్తుంది, డిస్కు కుంకుమ దగ్గరికి రాదు. రెడ్డిగారే ఆ పద్ధతి పెట్టారు.

కొన్నేళ్ళ కిందట సాయంత్రం దాకా ఆగి దీపం పట్టుకున్న ఫోటోగ్రాఫరుకు ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పాను. అతనిప్పుడు పెళ్ళి ఫోటోలు తీస్తున్నాడు. "ఆరోజు మజ్జిగ చానా బాగుండె సార్," అన్నాడు. గొర్రెపిల్ల సంగతి అతనికీ తెలియదు.

ఆ రాత్రికి అన్నాచెల్లెళ్ళు రెడ్డిగారింట్లోనే ఆగారు. మరుసటి ఉదయం, శుక్రవారం, ప్రింటు సిద్ధమైంది. సరిగ్గా రాతి నిలువెత్తంత వచ్చేలా రెండు కాగితాలు అతికి చుట్ట చుట్టాం. లింగప్ప చేతులు చాపాడు. ఓబులమ్మ ఇవ్వనియ్యలేదు, తనే చంకన పెట్టుకుంది. షమీమ్ రాత్రికి రాత్రే ఫైళ్ళన్నీ కొత్త డిస్కులకెక్కించి తెచ్చింది. సోమందేపల్లెకు వెళ్ళవలసినదాన్ని అట్టపెట్టెలో పెట్టి, అందరం కలిసే బస్టాండుకు నడిచాం.

సోమందేపల్లె బస్సు ముందొచ్చింది. కండక్టరుకు పెట్టె ఇవ్వబోతుంటే లింగప్ప నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. బొడ్లోనుంచి చిన్న తిత్తి తీశాడు. బండారు.

"అన్నా, డిస్కుకు మాత్రం పెట్టొద్దు," అన్నాను.

"తెలుసులేప్పా. లోపలిదాని జోలికి పోనులే," అని అట్టపెట్టె మూత మీద బొటనవేలితో పసుపు అద్దాడు. తర్వాత కొంచెం ఆలోచించి, షమీమ్ వైపు తిరిగాడు. ఆమె నవ్వి చెయ్యి చాపింది. ఆ అరచేతిలో చిటికెడు బండారు పోసి, గుప్పిలి తానే మూశాడు.