గంధం ఒకింటిది, దీపం ఒకింటిది

పుంగనూరులో ఓ సందులో పరుపులు కుట్టే హుసేనప్పకు అరవై నాలుగేళ్ళు. దూది ధూళితో వచ్చిన దగ్గు, వంగి కుట్టీ కుట్టీ వచ్చిన నడుమునొప్పి పాతవే. దర్గా పనిమీద మదనపల్లె సర్కారు ఆఫీసు చుట్టూ తిరిగే అలసట ఈ ఏడాదిది.

నిమ్మనపల్లె దగ్గర ఓ పల్లెలోని దర్గాకు ఆయనే ముజావరు, దాని ఆలనాపాలనా ఆయనదే. ఉరుసు నాడు గంధం ఆయన ఇంటినుంచి, మొదటి దీపం రైతు ముత్యాలప్ప ఇంటినుంచి వస్తాయి. దీపం వెలగందే గంధం ఎత్తరు. తాతల నాటినుంచీ అంతే. ఇప్పుడు దర్గాను కొత్తగా కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. లేకుంటే స్థలం చేజారిపోతుంది. రుజువుగా ఉన్నది తెల్లదొరల కాలపు ఇనాం భూముల రిజిస్టరు నకలు ఒక్కటే.

కుప్పంలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పే కూతురు రేష్మ దాన్ని చదివిపెట్టింది.

"హిందువా, మహమ్మదీయుడా అని గడి పెట్టినాడు నాయినా దొర. ఒక్కరే పట్టే గడి. మన తాత పేరు రాసుకోని, ముత్యాలప్ప వాళ్ళ దీపాన్ని వదిలేసినాడు. ముసల్మానులుండే సీమ ఏది ఏలినా ఆ దొరలకిదే పని. ముందు గడి, ఆ తర్వాతే మనిషి."

"దొర పోయి ఎనభై ఏండ్లాయె గదమ్మా!"

"దొర పోయినాడు. గడి యాడ పోయింది?"

తొమ్మిదోసారి వెళ్తే సాక్షి కావాలన్నారు. హుసేనప్పకు ముత్యాలప్ప తప్ప ఇంకెవరూ తోచక, ఆయన్నే వెంటబెట్టుకెళ్ళాడు. కొంప మునిగింది అక్కడే. గుమాస్తా అడక్కముందే ముత్యాలప్ప గర్వంగా చెప్పేశాడు: "మా దీపం లేకుంటే ఆడ గంధమే ఎత్తరు సారూ!"

గుమాస్తా టైపు చేయడం ఆపాడు. "అట్లయితే నీకూ హక్కుండాదన్నమాట. ఇది తగాదా కిందికొస్తాదప్పా."

"తగాదా యాడిది సారూ? నిన్న గూడా ఈయప్ప ఇంట్లోనే సంగటి తిన్యాను. ఉప్పు తక్కువైంది, అదొకటే తగాదా."

గుమాస్తా నవ్వకుండా షరతు చెప్పాడు. ముత్యాలప్ప ఇంటికి దర్గాతో సంబంధం లేదని హుసేనప్ప రాసిస్తే రేపే నమోదు. రాయకుంటే విచారణ, అది తేలేదాకా దర్గాకు తాళం. ఉరుసుకు ఇంకా పదకొండు రోజులే.

"రాసెయ్యి హుసేనన్నా," అన్నాడు ముత్యాలప్ప నేల చూస్తూ. "దీపం పోతే పోనీ. దర్గా నిలబడతాది."

హుసేనప్ప పెన్ను అందుకున్నాడు. దగ్గు తెర వచ్చి తగ్గింది.

"దొర రాసింది సాలక నేను గూడా రాయాల్నా?"

పెన్ను బల్లమీద పెట్టి లేచాడు.

బయట ఎండలో ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు.

"ఉరుసు నాటికి తాళమేసింటారే, ఎట్ల మరి?"

"దీపం గేటు కాడ పెట్టు. గంధం ఆడికే తెస్తాను," అని హుసేనప్ప కూర్చోవడానికి ఏదైనా అరుగు కోసం వెతికాడు. కనబడలేదు.