పెద్దబాపు కొరికిన తీపి జొన్న దంటు

మా నాన్నకు అన్న, పెద్దబాపు రాజేశం గారు పన్నెండు రోజుల కిందట శాలిబండలోని ఇంట్లో కన్నుమూశారు. ఫోన్ వచ్చినప్పుడు నేను అఫ్జల్‌గంజ్‌లో మా జొన్నల దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. సంస్మరణలో శాంతవచనాలు ఆశించేవారు నన్ను మన్నించాలి.

ఆయన బస్తాలోంచి గుప్పెడు జొన్నలు తీసి, ఒక గింజ పంటికింద వేసి, టక్కున కొరికి ధర చెప్పేవారు. వికారాబాద్ వైపు రైతులకు ఆ టక్కుమన్న శబ్దమే వేదవాక్కు. తమ్ముడి కూతురినైన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ విద్య నేర్పారు. "గింజ అబద్ధమాడది బిడ్డా. నువ్వు ఆడకుంటే సాలు," అనేవారు.

ఒకసారి సొంత సరుకు మీదే చెయ్యి అడ్డం పెట్టారు. "నక్కో భాయ్, యే పురానా మాల్ హై," అంటూ, అది పాత సరుకు, వద్దని చెప్పి కొనేవాడిని ఎదురు దుకాణానికి పంపించారు. నేను గొణిగితే నవ్వారు.

అటువంటి సత్యసంధుణ్ణి వెతుక్కుంటూ ఒక ఇథనాల్ కంపెనీ ఏజెంటు వచ్చాడు. పేరు రాసి ఈ పేజీని మైలపరచను. తీపి జొన్న వేస్తే దంటు రసంతో పెట్రోల్‌లో కలిపే ఇంధనం తీస్తారని, రైతుకు మామూలు జొన్న కంటే ఎక్కువ వస్తుందని చెప్పాడు. పెద్దబాపు పొలానికి వెళ్లి, అప్పుడే కోసిన దంటు నమిలి చూశారు. "మస్తు తీపుంది. నడుస్తది," అన్నారు. ఆ ఒక్క మాట మీద రైతులు కందినీ జొన్ననూ వదిలి దాన్నే వేశారు.

గింజ ఇంకా గట్టిపడక పాల మీద ఉండగానే కొయ్యమంది కంపెనీ. కోశారు. కంపెనీ లారీ నాలుగో రోజున వచ్చింది. అప్పటికి ఎండకు రసం ఇంకిపోయింది. తీపి తగ్గిందంటూ ఫ్యాక్టరీ గేటు దగ్గర కోత కూలి కూడా రాని ధర కట్టారు. మరో చోట అమ్ముకుందామంటే ఆ దంటు కొనేవాడు ఇంకొకడు లేడు. తిందామంటే గింజా లేదు.

రైతు ముత్తయ్య దుకాణానికి వచ్చాడు. లొల్లి చెయ్యలేదు. "నువ్వు కొరికినవని ఏసిన సేటూ," అన్నాడు, అంతే.

"ఏడాది నిలవుండే గింజను చూసే పన్నుతోని రెండు రోజులుండని దంటును చూసిన. తప్పు నాదే ముత్తన్నా," అన్నారు పెద్దబాపు. ఆ రోజు నుంచి గింజ కొరకలేదు. ఆ పని నాకు అప్పగించారు. ఎండిన దంట్లను దుకాణంలో త్రాసు పైన కట్టి, ఊరూరా తిరిగి తన తప్పు తానే చెప్పుకున్నారు. "జొన్న అమ్ముడువోకుంటే ఇంట్ల తింటం. గీ రసం అమ్ముడువోకుంటే ఎవలు తాగాలె? ఒక్కడే కొనేటోడుంటే వాడు చెప్పిందే రేటు," అనేవారు. ఆ తిరుగుడుతోనే మంచం పట్టారు.

పదకొండో రోజు కర్మకు ఆ ఏజెంటు పెద్ద దండ పట్టుకుని ఇంటికి వచ్చాడు. "మహానుభావుడమ్మా. ఆయన సహకారం మరువలేం," అన్నాడు. వస్తాడని తెలిసి దుకాణం త్రాసు మీంచి విప్పి తెచ్చిన దంటు విరిచి అతని చేతిలో పెట్టాను.

"నములుండ్రి సార్. మా పెద్దబాపు నమిలిండు గదా."

నవ్వబోయాడు. ముత్తయ్య లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఏజెంటు నమిలాడు.

"ఎట్లుంది?"

"పిప్పి."

"అందరికి ఇనబడాలె."

అందరికీ వినబడేలా చెప్పాడు. అప్పుడు ముత్తయ్య దారి ఇచ్చాడు. దండను అతని వెంటే పంపించాను.

పెద్దబాపూ, మీ అంత నిక్కమైన పన్ను ఈ బజారులో మళ్లీ పుట్టదు. మీకు నా సాష్టాంగ ప్రణామం. మీరు మీ తప్పును ఊరూరా తిరిగి ఒప్పుకున్నారు. ఆ కంపెనీవాళ్లు తమ తప్పును నా ముందుకొచ్చి ఒప్పుకుంటారు. ఆ ఏజెంటు పైన ఇంకా పెద్దవాళ్లున్నారట. త్రాసు పైన దంట్లు ఇంకా మిగిలే ఉన్నాయి.