నాంపల్లి గదిలో ఆదివారం కథలు

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక గల్లీలో ఉండేది మా గ్రంథాలయం. రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో పత్రికలు, వెనక గదిలో అద్దాల బీరువాలు. మా ఆయన ఉద్యోగంతో పాటు గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చిన నేను, ఇక్కడే గ్రంథాలయ శిక్షణ పూర్తి చేసి, అరవైల మధ్యలో అక్కడ లైబ్రేరియన్‌గా చేరాను. పెద్దవాళ్ళు వచ్చి పేపర్లు చదువుకుని వెళ్ళేవారు. పిల్లలు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని బయటే నిలబడేవారు. లోపలికి రమ్మని వాళ్ళను ఎవరూ పిలవలేదు. వచ్చినా వాళ్ళ కోసం అక్కడ ఏమీ లేదు.

నేను పిలిచాను. వెనక గదిలో ఒక మూల ఖాళీ చేయించి, పండ్లు వచ్చే చెక్కపెట్టెలను అడ్డంగా పేర్చి అరలు చేశాను. చిన్నపిల్ల చెయ్యి చాచినా పుస్తకం అందాలి, ఎవరినీ అడగక్కర్లేకుండా తీసుకోవాలి. నా పట్టుదల అదే. ఆబిడ్స్‌లో కాలిబాట మీద అమ్మే పాత బొమ్మల పుస్తకాలు ఏరి తెచ్చేదాన్ని. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు మాటలు రాసిన కాగితాలు అంటించేదాన్ని. ఆదివారం పొద్దున చాప పరిచి, పిల్లలను కూర్చోబెట్టి కథ చదివేదాన్ని.

పిల్లలు బుద్ధిగా కూర్చునేవారు. కానీ నవ్వాల్సిన చోట నవ్వేవారు కాదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

కూతుర్ని తీసుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చునే ఒకావిడ ఉండేది. ఆ గల్లీలోనే తరతరాలుగా ఉన్న కుటుంబం. భర్త అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో గుమాస్తా. కాలేజీలో చదివే పెద్దకొడుకు మా ముందు గదిలో పేపర్లు చదువుతూ, కథ అయిపోగానే “అమ్మా, పోదమా?” అని పిలిచేవాడు.

ఒక ఆదివారం ఆమే నోరు విప్పింది. “చెల్లె, ఒక మాట అంట, గుస్స కాకు. నువ్వు మంచిగనే సదువుతున్నవు. గని పిల్లలకు సమజైతలేదు. కుందేలంటే ఏందో ఈళ్ళకు ఎర్కలేదు. చెవులపిల్లి అనాలె.”

“మరి ఈ కథలో గొడుగునేమంటారు?” అని అడిగాను.

“ఛత్రి.”

పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. అప్పటిదాకా వాళ్ళు విన్నది నా గొంతే తప్ప కథ కాదని తెలిసింది.

“అయితే మీరే చెప్పండక్కా,” అన్నాను.

“నేనా? నేను నాలుగు దాకనే సదివిన. అది గూడ ఉర్దూల.”

“చదవద్దు. చెప్పండి.”

అప్పటి నుంచి వారం మధ్యలో ఒకరోజు ఆమెకు నేను కథ చదివి వినిపించేదాన్ని. ఆదివారం ఆమె దాన్ని తన మాటల్లో చెప్పేది. తరవాత నేను పుస్తకం తెరిచి చూపిస్తే, పిల్లలు తాము విన్న కథ కోసం అక్షరాల్లో వెతుక్కునేవారు. అలా చాలామందికి చదవడం అలవాటైంది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. మాలాంటి కోస్తా కుటుంబాల్లో కొన్ని ఊళ్ళకు వెళ్ళిపోయాయి. “కొన్నాళ్ళు గుంటూరు వెళ్ళిరా,” అన్నారు మా ఆయన. బడి లేని పిల్లలు రోజూ వచ్చి మా గదిలోనే కూర్చుంటున్నారు. వాళ్ళను వదిలి వెళ్ళలేకపోయాను.

నా భయం ఆమెకు తెలిసింది. రోజూ బస్టాపు దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని గల్లీలోకి నడిపించుకు వెళ్ళేది. కొడుకేమో ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు.

“మీ అబ్బాయి మమ్మల్ని పొమ్మనేవాళ్ళతోనే కదా అక్కా?” అని ఒకసారి అడిగాను.

“ఔ. ఆనికి నౌకరీ గావాలె. ఆని బాధ ఆనిది, అబద్ధం గాదు. నువ్వు నా చెల్లెవు. గది గూడ అబద్ధం గాదు,” అంది.

ఆ ఎండాకాలంలో, ఊరేగింపుకు వెళ్ళిన ఆ అబ్బాయి పోలీసు కాల్పుల్లో తూటా తగిలి చనిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందన్నారు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళవచ్చునో లేదో తెలియదు. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆమె మరిది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. “గీడికెందుకొచ్చిన్రు మీరు?” అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. వెనక్కి తిరగబోతుంటే లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

“రానియ్యి.”

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. నా చెయ్యి మాత్రం తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. సాయంత్రం దాకా అలాగే ఉన్నాం.

ఆ తరవాత ఆమె గ్రంథాలయానికి రాలేదు, కూతుర్నీ పంపలేదు. బడులు తెరిచారు. ఆదివారాలు నేనే కథలు చెప్పాను, నాకు చేతనైనంతలో ఆమె మాటలతోనే. పిల్లలు వింటూనే గుమ్మం వైపు చూసేవారు.

చలికాలంలో ఒక ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చాలా చిక్కిపోయింది. పిల్లలు జరిగి చోటిచ్చారు. నేను పుస్తకం మూసేశాను.

“అనగ అనగ ఒక ఊర్లె ఒక తల్లి ఉండె. ఆమెకొక కొడుకు...” అని ఆగిపోయింది.

పెద్దపిల్లలకు సంగతి తెలుసు, తలలు దించుకున్నారు. ముందు కూర్చున్న ఒక చిన్నపిల్లకు తెలియదు.

“గా కొడుకు ఏమైండు?” అని అడిగింది.

“చెప్త బిడ్డా. జర ఆగు.”

కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది. ఆ కొడుకు అడవికి పోయాడట. దారి తప్పాడట. ఎన్నో కష్టాలు పడి, ఒకరోజు పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడట. తల్లి తలుపు తీసిందట. ఆ కథ నేను ఏ పుస్తకంలోనూ చదివి వినిపించింది కాదు.

పిల్లలు వెళ్ళిపోయాక నేను చాప చుడుతుంటే దగ్గరికి వచ్చింది. “కతలనన్న ఇంటికొచ్చిండు చెల్లె,” అంది. ఇద్దరం అప్పుడు ఏడ్చాం.

డెబ్బయిల్లో నన్ను కాచిగూడకు బదిలీ చేసేదాకా ఆమె ఆదివారాలు తప్పలేదు. నా తరవాత వచ్చినాయన పత్రికలకు చోటు చాలడం లేదని పిల్లల మూల ఎత్తేశారని విన్నాను. ఒక ఆదివారం చూసొద్దామని వెళ్తే, ఆమె వాళ్ళింటి ముందు అరుగు మీద కూర్చుని కథ చెబుతోంది. పక్కన ఎదిగిన కూతురు ఒళ్ళో పుస్తకం తెరిచి, బొమ్మలు పిల్లలకు కనిపించేలా తిప్పి చూపిస్తోంది. వాళ్ళను పలకరించకుండా వెళ్ళి పిల్లల వెనక కూర్చున్నాను.