నోట్లో పట్టు ముడి

ముప్పై ఏళ్లు నేను దారం కొరికి బతికాను. మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. మగ్గం మీద కూర్చునేది మా ఆయన. తెగిన పోగులు ముడివేసేది, ముడి దగ్గర మిగిలిన కొసలు తెంపేది నేను. పట్టుపోగు వెంట్రుక కంటే సన్నం. దానికి వేసే ముడి ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండకూడదు, చీర మీద వేలు నడిపితే ఎక్కడా తగలకూడదు. నా ముడి తగలదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి. చీర కొన్నవాళ్లకు ముడి కనిపించదు కదా.

ఇంట్లో కత్తెర లేక కాదు. గోడకు మేకు ఉంది, మేకుకు కత్తెర ఉంది. దాన్ని తీసి, వాడి, మళ్లీ తగిలించేలోపు నేను నాలుగు కొసలు కొరికేసేదాన్ని. పై వరుసలో ముందు పళ్లకు ఎడమ పక్కన ఉన్న పన్నుది ఆ పని. కొరికి కొరికి దాని అంచున సన్నటి గాడి పడింది. దారం వెళ్లి సరిగ్గా ఆ గాడిలో కూర్చునేది. ఒకనాడు ఉడకబెట్టిన బుడ్డలు తింటుంటే (వేరుశనక్కాయలను మేం బుడ్డలంటాం) గాడి దగ్గరే పుటుక్కున విరిగింది. మిగిలిన ముక్కకు చీము పట్టింది. అనంతపురం పోయి మొత్తం తీయించుకుని వచ్చాను.

అందం పోయిందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను ఓదార్చారు. ఈ వయసులో నాకు అందం మీద బెంగేమిటి? నాకు పోయింది పని. పక్క పళ్లతో కొరికితే కొస పొడుగ్గా మిగిలిపోయేది. కుడివైపు కొరకబోతే దారంతో పాటు పెదవి కూడా నలిగింది. నెల తిరిగాక మా ఆయన నేసిన చీర మీద వేలు నడుపుతూ ఒకచోట ఆగాడు.

"ఈడ తగుల్తాండాది" అన్నాడు.

ఆ మనిషి నోట అది పెద్ద తిట్టే. ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఎలాగైనా మళ్లీ ఆ చోట పన్ను మొలిపించుకోవాలని అప్పుడే అనుకున్నాను. అదే ఇంప్లాంటు. దవడ ఎముకలోకి చిన్న స్క్రూ దింపుతారు, ఎముక దాన్ని తనలో కలుపుకున్నాక పైన పన్ను బిగిస్తారు.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, కృష్ణా జిల్లా వైపు మనిషి. ఎక్స్‌రే చూసి, "మీకు ఎముక పలుచగా ఉందమ్మా. ఒక్కసారికే సరిపోతుంది" అంది. నేను తలూపాను. ఆపరేషన్ రోజు నొప్పి తెలియలేదు కానీ, చెవి పక్కనే ఎవరో బోరు వేస్తున్నట్టు చప్పుడు. మా వైపు ఎన్ని బోర్లు వేసినా నీళ్లు పడవు, దీనికి మటుకు ఏం పడుతుందో అని భయం భయంగా పడుకున్నాను. చివర్లో కుట్లు వేసేటప్పుడు ఓరకంట చూస్తే ట్రేలో నల్లటి దారం. ఊరుకోలేక, మొద్దుబారిన నోటితోనే అడిగాను.

"ఏం దారం మేడమ్ అది?"

"పట్టు దారమేనమ్మా. మీ ఊరి సరుకే అనుకోండి" అని నవ్వింది.

నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నల్ల రంగు ఒక్కటే నచ్చలేదు. కుట్లు నాలుగు వేసింది. తర్వాత జాగ్రత్తలు చెప్పింది. వేడివి తినకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, నాలుక పెట్టి కెలకకూడదు, మూడు రోజులు తక్కువ మాట్లాడాలి, మర్నాటి నుంచి ఉప్పు నీళ్లు పుక్కిలించాలి. లేచి వస్తుంటే మరోసారి హెచ్చరించింది.

"ఈ పది రోజులూ చాలా జాగ్రత్తమ్మా. పట్టు వదిలితే మళ్లీ వేయడానికి ఎముక లేదు."

ఆ మాట నా గుండెల్లో దిగబడింది. పట్టు వదలకూడదు. దారం వదులైందా, నా పన్ను ఇక లేనట్టే.

మూడు రోజులు నేను మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ మా ఆయన ముఖం కళకళలాడింది. రాగి అంబలి చల్లార్చి గ్లాసులో పోసి నా ముందు పెట్టేవాడు. తను మాత్రం నా ఎదురుగానే కూర్చుని వేడివేడి సంగటిలో బుడ్డలు నూరిన ఊరిబిండి అద్దుకుని తినేవాడు. నేను కళ్లెర్రజేస్తే, "నీకొద్దు, బుడ్డ పలుకు కుట్లల్లో ఇరుక్కుంటాది" అనేవాడు. బుగ్గ బూరెలా ఉబ్బింది. పలకరించడానికి వచ్చినవాళ్లు నా తరఫున కూడా వాళ్లే మాట్లాడి, కాఫీ తాగి పోయారు.

ఐదో రోజు వాపు తగ్గింది. అది ఆదివారం. మధ్యాహ్నం అంబలి తాగాక నాలుక దానంతటదే అటు పోయింది. పోవద్దన్నారు, పోయింది. పోయి ఒక కొసను పట్టుకుంది. నాలుగో కుట్టు వదులైంది, ముడి సగం జారి వేలాడుతోంది. ఫోన్ చేస్తే ఆసుపత్రిలో ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. సోమవారం దాకా పట్టు అలా వదులుగా ఉంటే ఏమవుతుందో డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. వేరేవాళ్లైతే ఏం చేస్తారో నాకు తెలియదు, పట్టుపోగు ముడి జారితే నేనేం చేస్తానో నాకు తెలుసు.

పోగులు లాగే చిన్న పట్టకారును మరిగే నీళ్లలో వేశాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. గుమ్మంలో ఎండ పడేచోట కూర్చుని మా ఆయనను అద్దం పట్టుకోమన్నాను.

"ఏమ్మే, అది నోరు. మగ్గం కాదు" అన్నాడు.

"పట్టే కదయ్యా. ఈడ తెగినా ఆడ తెగినా ముడి ఒకటే. సక్కంగా పట్టుకో."

అద్దంలో కుడి ఎడమ, ఎడమ కుడి. నేను చెయ్యి అటంటే అది ఇటు పోతుంది. మా ఆయన అద్దం కాస్త కదిపితే నా నోరు కూడా పక్కకు పోయేది. అయినా కొస చిక్కింది. జారిన ముడిని కిందికి దించి బిగించి, దాని మీద ఇంకో రెండు ముళ్లు వేశాను. ఇక కొస తెంపాలి. అలవాటు కొద్దీ కొరకబోయాను. ఎట్లా కొరుకుతాను? దారం నోట్లోనే ఉంది, దాన్ని కొరకాల్సిన పన్ను అక్కడ లేదు. మా ఆయన అద్దం దించి ఇంత నవ్వు నవ్వాడు. చివరికి మేకు మీది కత్తెరకు కూడా వేడి నీళ్ల స్నానం చేయించి, దాంతో కత్తిరించాను.

సాయంత్రానికి ఆ చోట సలపడం మొదలైంది. ముడి గట్టిగా పడింది, అందుకే అనుకున్నాను.

పదో రోజు బస్సెక్కి పోయాం. డాక్టరమ్మ దీపం దించి, చిన్న అద్దం పెట్టి చూసింది. చూస్తూ ఆగిపోయింది.

"ఈ మూడు కుట్లు నావి. ఈ నాలుగోది ఎవరిది?"

నోరు తెరిచి ఉంది కాబట్టి నేను జవాబు చెప్పే పని లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన చెప్పేశాడు.

"ఆమే ఏసుకునింది మేడమ్. నేను అద్దం పట్టుకుంటి, అంతే. వద్దని కూడా చెప్తి."

ఇలాంటప్పుడు మాత్రం ఆ మనిషికి మాటలు బాగా వస్తాయి. ఆ పిల్ల పనిముట్టు కింద పెట్టి, "ఎందుకలా చేశారమ్మా?" అంది.

"మీరే కదా మేడమ్ చెప్తిరి. పట్టు వదిలితే మళ్ల ఏసేదానికి ఎముక లేదని."

అప్పుడు ఆమెకు సంగతి తెలిసింది.

"అయ్యో, నేను చెప్పింది స్క్రూ పట్టు గురించి. ఎముక స్క్రూను గట్టిగా పట్టుకోవాలి, ఆ పట్టు. దారం కాదమ్మా. వాపు తగ్గితే దారం వదులు కావడం మామూలే."

ధర్మవరంలో పుట్టి పెరిగినదాన్ని. పట్టు అంటే ఇంకో అర్థం ఉందని నాకు తెలియక కాదు, గుర్తు రాలేదు. ఆమె అద్దంలో నాకు చూపించింది. నా ముడి కింద చిగురు తెల్లగా పాలిపోయి, అంచు విడిపోయింది. మరీ బిగించడంతో రక్తం అందలేదట. ఆ సందులో స్క్రూ తల కొంచెం మెరుస్తోంది.

"దారం పుండు మాన్పదమ్మా. రెండు అంచులనూ పక్కపక్కన కూర్చోబెడుతుంది, అంతే. మానేది చిగురే. దానికి కాస్త వదులు కావాలి" అంది.

ముడి గట్టిగా ఉందని నన్ను తప్పుపట్టిన మొదటి మనిషి ఆమె. సిగ్గుతో తల తిప్పుకుందామంటే కుర్చీలో తల తిరగదు. తన మూడు కుట్లు చిటికెలో తీసింది. నాదాని కింద కత్తెర మొన దూరడానికి సందు దొరకక చాలాసేపు తంటాలు పడింది. అంత సిగ్గులోనూ నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

"స్క్రూ నిలుస్తుందా మేడమ్?" అని అడిగాను.

"చెప్పలేను. నాలుగు నెలలు చూద్దాం."

ఆ నాలుగు నెలలు నేను పడ్డ భయం ఎవరికీ చెప్పలేదు. ఉన్న ఒక్క అవకాశాన్నీ నా చేతులతో నేనే పాడుచేసుకున్నానేమో అని రోజూ ఏడుపొచ్చేది. పుక్కిలించాను, మెత్తనివి తిన్నాను, దుమ్ముగాలి లేస్తే నోటికి గుడ్డ కట్టుకున్నాను. వేలు మాత్రం పెట్టలేదు. పని చేయడం నాకు వచ్చు. చెయ్యి ముడుచుకుని కూర్చోవడం అప్పుడే నేర్చుకున్నాను, అదీ సరిగ్గా రాలేదు. కొసలు మా ఆయనే కత్తెరతో తెంపుకున్నాడు. అవి కనబడుతూనే ఉన్నాయి. చీర మడతపెట్టి పక్కన పెట్టాను.

నాలుగు నెలలకు డాక్టరమ్మ స్క్రూకు చిన్న పిడి తగిలించి తిప్పి చూసింది. కదల్లేదు. ఇంకోసారి తిప్పింది.

"పట్టు బాగుంది" అని, వెంటనే నా వైపు వంగి, "దారం గురించి కాదమ్మా" అంది.

నాకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. రెండు వారాలకు పన్ను కూడా బిగించింది. పక్క పళ్ల రంగే, ఎవరూ గుర్తుపట్టలేరు. నాలుక పెట్టి చూశాను, అంచు కత్తిలా ఉంది. మనసులోనే ఒక పోగు కొరికేశాను కూడా. అప్పుడు ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఒక్కటేనమ్మా. ఈ పన్నుతో గట్టివి కొరకొద్దు. దారం అసలు కొరకొద్దు, పెచ్చు ఎగిరిపోతుంది."

ఆ పన్ను ఎందుకు వేయించుకుంటున్నానో నేను ఆమెకు చెప్పనేలేదు. ఆమె అడగనూ లేదు. సరే మేడమ్ అని దండం పెట్టి వచ్చేశాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వాన లేక ఎండిన చేలు కిటికీలో పోతూనే ఉన్నాయి. మందు మత్తు ఇంకా దిగలేదేమోనని మా ఆయన రెండుసార్లు నా వైపు చూశాడు.

ఇంటికి వచ్చి ఆయన మగ్గంలో కూర్చున్నాక చెప్పాను.

"దీంతో దారం కొరకకూడదంట."

మగ్గం ఆగింది. ఆయన నన్ను చూశాడు, నేను ఆయనను చూశాను. ఇంత తతంగం, ఇన్ని బస్సులు, ఇన్ని గ్లాసుల అంబలి, చివరికి ఏ పనికీ రాని పన్ను ఒకటి తెచ్చుకున్నాను. ఏడవాలనే ఉంది, కానీ నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను.

"దానికి ఈ పని చాల్లే" అన్నాడు మా ఆయన. "నవ్వితే బాగుండాది."

నోటికి అడ్డం పెట్టుకోబోయిన చెయ్యి దించేశాను.