బొగ్గు కాంటా మీద రాసిన వాక్యం

1994 వేసవిలో నన్ను సీనియర్ బిజినెస్ అనలిస్టుగా చంద్రపూర్‌కు బదిలీ చేశారు. మాది సిమెంటు కంపెనీ. సరళీకరణ తర్వాత పోటీ పెరిగి, ప్రతి కంపెనీకీ పక్కవాడి సంగతులు కావలసివచ్చాయి. అందుకు పెట్టిన విభాగమే మార్కెట్ ఇంటెలిజెన్స్. ఆ పేరు విని మా బంధువులు నన్ను గూఢచారి అనుకుని తెగ మర్యాద చేసేవారు. నిజానికి నా పని డీలర్లతో టీలు తాగడం, టెండరు ప్రకటనలు కత్తిరించి దాచడం, విన్నదాన్ని వడగట్టి నెలకో నివేదిక బొంబాయి హెడ్డాఫీసుకు పంపడం.

నివేదికలో చెప్పినవాడి పేరు రాయం, ఒక అక్షరం వేస్తాం. ఒక్కడి నోట విన్నదాన్ని మరోచోట రూఢి చేసుకోకుండా ఉన్నదున్నట్టు రాయకూడదు. ఈ రెండో నియమం నేనే కొత్తవాళ్ళకు నేర్పేవాణ్ణి.

పోచన్న పోటీ కంపెనీలో బొగ్గు లారీలు తూచే కాంటా గుమాస్తా. రాష్ట్ర సరిహద్దులోని విరూర్ మనిషి. ఇంట్లో తెలుగే అయినా చదువు మరాఠీలో సాగింది. ఆసిఫాబాద్ నుంచి వాళ్ళక్క రాసే ఉత్తరాలు చదివించుకోవడానికి ఆదివారాలు నా దగ్గరికి వచ్చేవాడు. నా ‘అండీ’లకు నవ్వేవాడు. మరుసటి ఫిబ్రవరిలో ఒకరోజు, పదిహేనో తారీఖు నుంచి బొగ్గు లారీలను లోపలికి రానివ్వొద్దని మేనేజరు తనతో అన్నట్టు చెప్పాడు. అంటే సిమెంటు కాల్చే కొలిమి మరమ్మతుకు ఆగబోతోందన్నమాట. నా ఉద్యోగం ఏమిటో అతనికి తెలుసు.

“నా పేరు మాత్రం రాయకుండ్రి సార్,” అన్నాడు.

రాయలేదు. కానీ పదిహేను నుంచి లారీలు ఆపమని బొగ్గు కాంటాకు ఆదేశం అందిందని పొల్లుపోకుండా రాశాను. కొలిమి ఆగవచ్చు అంటే సరిపోయేది. బొంబాయి వాళ్ళు శభాష్ అనాలన్న యావ నాది. అన్నారు కూడా. అవతలివాళ్ళ సరుకు తగ్గబోతోందని నమ్మించడానికి ఆ కాగితాన్ని మా కంపెనీవాడొకడు నాగపూర్ డీలరుకు చూపించాడు. ఆ డీలరు రెండు కంపెనీల సరుకూ అమ్మేవాడు. వారం తిరక్కుండా నా వాక్యం అవతలి మేనేజరు చెవిన పడింది. ఆయన ఆ ఆదేశం ఇచ్చింది పోచన్న ఒక్కడికే.

ఉద్యోగం తీసేసి క్వార్టరు ఖాళీ చేయమన్నారు. నేను వెళ్ళేసరికి సామాను టెంపోలోకి ఎక్కిస్తున్నాడు. పదో తరగతి చదివే కూతురు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నెలలో ఆ పిల్లకు పరీక్షలు.

“మీరు నా పేరు రాయలే గద సార్?”

“రాయలేదు పోచన్నా.”

“నాకెర్కే. మా ఆమెకు మీమీదనే అనుమానం. సార్ గసుంటోళ్ళు కాదని నేనే చెప్పిన.”

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. తాడు పట్టుకుని బీరువా కట్టడానికి సాయం చేశాను. నాకు ఏడుపు ఆగలేదు. అతనే నా భుజం తట్టి, విరూర్‌లో పొలం ఉంది, ఎట్లో బతుకుతామని ఓదార్చాడు.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ఇదే పని చేశాను. నా కింద చేరిన ప్రతివారికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి. ఏ సంగతి రాసేముందైనా అది ఎందరికి తెలిసి ఉంటుందో చూసుకోండి, ఒక్కరికే అయితే అది రాయడమూ ఆ మనిషి పేరు రాయడమూ ఒకటే అని. ఎలా తెలుసుకున్నానో కూడా వాళ్ళకు చెప్పాను. పోచన్నకు మాత్రం చెప్పలేదు.