పైన ఐ ఫైవ్ స్టిక్కర్, లోపల ఇనుప ముక్క

2023, కార్తీక మాసం. చండ్రుగొండ మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణానికీ చికెన్ సెంటరుకీ మధ్య ఇరుక్కుని నా కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంటుంది. ఒక పక్క నుంచి యూరియా వాసన, ఇంకో పక్క నుంచి కోళ్ల చివరి మాటలు. మధ్యలో నేను స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటాను. తొమ్మిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. అప్పటి నుంచి ఇదే పని.

మా వైపు కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు తక్కువ. పట్నంలో ఆఫీసులు వాడి వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు లారీల్లో లాట్‌లుగా వస్తాయి. వాటిని తుడిచి, అవసరమైతే ఒకటి రెండు పార్టులు మార్చి అమ్ముతారు. నేనూ అమ్ముతాను. పాతదాన్ని పాతదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కోపం సెకండ్‌హ్యాండ్ మీద అనుకుంటారేమోనని.

ఆ రోజు పొద్దున ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి, ఆమె వెనకాల వాళ్ల తాత దిగారు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు తాత ఒక కేబినెట్‌ను ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. కేబినెట్ అంటే పార్టులన్నీ ఉండే రేకు డబ్బా. దానికి నాలుగు వైపులా పసుపు, ముందు బొట్టు, గాలి ఆడే చిల్లుల్లో బియ్యపు గింజలు.

"ఏంది చెల్లె, దీనికి పెండ్లి జేసి తెచ్చినట్టున్నరు?" అన్నాను.

"పెండ్లయితే జేసినమన్నా. కాపురమే జేస్తలేదు. స్విచ్ ఏస్తే చాయ్ పెట్టుకొని తాగొచ్చేదాక మొఖం చూపిస్తలేదు" అంది ఆ అమ్మాయి.

నాకు సమాధానం చెప్పగలిగిన గిరాకీ దొరికితే ఆ రోజు అన్నం ఎక్కువ తింటాను. నవ్వుతూనే పని మొదలుపెట్టాను. ఆ నవ్వు ఎంతోసేపు ఉండలేదు.

ఆమె పేరు సుజాత. కనకగిరి గుట్టల కింద ఉన్న ఒక కోయ గూడెం వాళ్లది. డిగ్రీ చదివి, తెలుగు టైపింగ్ నేర్చుకుంది. గూడెంలో ఇప్పపువ్వు ఏరి అమ్మే ఆడవాళ్ల సంఘం ఉంది. పింఛను, కుల సర్టిఫికెట్, రైతుల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెట్టే సర్వీస్ సెంటర్‌ను గూడెంలోనే నడుపుతామని ఆ సంఘం అర్జీ పెట్టుకుంది. అది రాకపోతే ముసలివాళ్లు వేలిముద్ర వేయడానికి వాగు దాటి మండలానికి నడవాలి. వచ్చే సోమవారం ఒక సారు వచ్చి మిషన్ చూస్తాడు. ఐ ఫైవ్ ప్రాసెసరు, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. లేకపోతే సెంటర్ మండలంలో ఇంకొకరికి పోతుంది.

"ఇవన్నీ ఉన్నయనే గదన్నా ఖమ్మంల కొన్నం. గని పేజీ తెరుసుకునేలోపు ఓటీపీ టైము అయిపోతుంది. నాకేమన్న వాడుడు వస్తలేదా అనుకున్న."

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మోసగాడి పనిలో సగం ఇదే. మోసపోయినవాళ్లు తమనే తాము అనుమానించుకోవాలి.

స్విచ్ వేశాను. విండోస్‌లో కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకునే పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఐ ఫైవ్, ఎనిమిది జీబీ అనే ఉంది. డబ్బా మీది స్టిక్కరు కూడా అదే చెప్పింది. ఇద్దరు సాక్షులు ఇంత కచ్చితంగా ఒకే మాట చెబితే నాకు అనుమానం వస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచాను. అది చెప్పుకున్న రెండో తరం డెస్క్‌టాప్ ఐ ఫైవ్‌లలో నాలుగు కోర్‌లు ఉంటాయి. కోర్ అంటే లెక్క చేసే చెయ్యి అనుకోండి. ఇక్కడ రెండే చేతులున్నాయి. ఆపి, మళ్లీ స్విచ్ వేసి, విండోస్ రాకముందే బయోస్‌లోకి వెళ్లాను. బయోస్ అంటే మదర్‌బోర్డు సొంత నోరు, దాన్ని దిద్దడం అంత సులువు కాదు. అది పెంటియమ్ అని చెప్పింది, ఐ ఫైవ్ కంటే చౌక రకం. అంటే విండోస్ పేజీని ఎవడో కూర్చుని ఓపిగ్గా దిద్దాడు. అంత ఓపిక ఉన్నవాడు ఏ పని చేసినా నిజాయితీగా బతికేవాడు.

మూత తీశాను. ఫ్యాను ఊడదీసి, ప్రాసెసరు మీద గట్టిపడిన పేస్టును గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడ్డాయి. పెంటియమే. ర్యామ్ రెండు ముక్కలు, ఒక్కొక్కటి రెండు జీబీ. ఎస్‌ఎస్‌డీ అనే వేగంగా పనిచేసే డిస్కు ఉండాల్సిన చోట ఎస్‌ఎస్‌డీనే స్క్రూలతో బిగించి ఉంది, కానీ దానికి వైరే లేదు. విప్పితే ఉత్త డొల్ల. దాని కింద, కనిపించకుండా, ముసలి హార్డ్ డిస్క్ ఒకటి ఉంది. ఇన్నాళ్లూ మూలుగుతూ పనంతా చేసింది అదే.

డబ్బాను పక్కకు వంచాను. గడగడమని శబ్దం. ఎస్‌ఎంపీఎస్‌లోంచి. అది కరెంటును పార్టులకు సరిపడా తగ్గించి ఇచ్చే పెట్టె. మంచిదైతే బరువుగా ఉంటుంది, అందుకే మా పనివాళ్లం చేత్తో ఎత్తి చూస్తాం. విప్పాను. లోపల సగం పార్టులు లేవు. వాటి బదులు అరచేతిలో పట్టేంత ఇనుప ముక్కను జిగురుతో అంటించారు. జిగురు ఊడి అది దొర్లుతోంది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో డబ్బాలో తేలు చూశాను, పాము కుబుసం చూశాను, తూకానికి ఇనుము కలిపిన కంప్యూటర్ చూడలేదు. తర్వాత వాళ్ల గూడెం కరెంటు గుర్తొచ్చింది. అక్కడ వోల్టేజీ ఎక్కడం దిగడం కోతి చెట్టెక్కినట్టు ఉంటుంది. ఆ ముక్క తగలరానిచోట తగిలి ఉంటే బోర్డు కాలేది, సుజాత చెయ్యి కూడా కాలేది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"కొని ఎన్ని రోజులైంది చెల్లె?"

"నెల దాటిందన్నా."

"నెల నుంచి ఏం జేస్తున్నరు? కొన్ననాడే ఎందుకు రాలే?"

ఆమె తాత వైపు చూసింది. తాత చెప్పాడు. "కొత్తల పండుగ కాలే గద బిడ్డా. కొత్తది ఏది ఇంటికొచ్చినా మా దేవుడు ఏల్పుకు పెట్టందే మేం ముట్టం. కొత్త ఒడ్లయితే ఏంది, కొత్త డబ్బయితే ఏంది. మొన్న పండుగైంది, స్విచ్ ఏసినం."

"షాపాయనకు కూడా చెప్పినమన్నా" అంది సుజాత. "వారం రోజులు చెకింగ్ వారంటీ అన్నడు. అంతల పండుగ రాదు సార్ అన్న. దానికి ఆయన, ఆచారం తప్పొద్దు తల్లీ, పండుగైనంకనే స్విచ్ ఎయ్యి, మంచి జరుగుతది అన్నడు. దండం గూడ పెట్టిండు."

నేను ఈ పనిలో చాలా దొంగల్ని చూశాను. ర్యామ్ మార్చేవాడు, డిస్కు మార్చేవాడు, చివరికి స్క్రూలు కూడా ఎత్తుకుపోయేవాడు. వాళ్ల మీద జోకులు వేసి వదిలేశాను. ఒకరి భక్తిని గడియారంలా వాడుకుని, వారంటీ దాటేదాకా దండం పెట్టి మరీ కూర్చోబెట్టినవాణ్ని మాత్రం అంతకుముందు చూడలేదు. ఆ పూట నా నోటికి ఒక్క జోకు కూడా రాలేదు. పక్క చికెన్ సెంటరు ఓనరు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

సుజాత దగ్గర నంబరు తీసుకుని ఖమ్మం షాపు ఓనరుకు ఫోను చేశాను.

"వారమే తమ్ముడూ చెకింగ్ వారంటీ. నెల దాటినంక మూత తీసి అది లేదు, ఇది లేదంటే ఎట్ల? మధ్యల నువ్వే మార్చినవేమో ఎవరికెరుక?"

"అన్నా, ఇనుప ముక్క గూడ నేనే పెట్టిన్నా?"

"అది స్టెబిలిటీ కోసం పెడతరు" అన్నాడు. ఫోను పెట్టేశాడు. స్టెబిలిటీ అంట. డబ్బా ఎగిరిపోకుండా కాబోలు.

నా నోట్లోంచి రాకూడని మాటలు వచ్చాయి. తాత వాటిని పట్టించుకోలేదు. ఇనుప ముక్కను చేతిలో తిప్పి చూస్తున్నాడు.

"తప్పు మాది గూడ ఉంది బిడ్డా" అన్నాడు. "కొత్త గింజ ఏల్పుకు పెట్టేముందు చాటల పోసి పుచ్చులు ఏరుతం. ఈ డబ్బకు పుచ్చులు ఏరలే. మూసింది మూసినట్టే పెట్టినం."

"తప్పు మీదెట్ల అయితది తాతా" అని కోప్పడ్డాను. "అమ్మినోడు జేసిందానికి మీరు సగం పంచుకుంటరా?"

"పంచుకుంటలే" అన్నాడు తాత. "ఇప్పుడు పోయి ఏరుదమంటున్న."

శుక్రవారం తల్లాడలో బస్సు మారి ఖమ్మం వెళ్లాం. నేను, సుజాత, తాత, డబ్బా. మాతోపాటు సంఘం ఆడవాళ్లు పది మంది దాకా సద్ది మూటలతో వచ్చారు. గొడవ అవుతుందని నేను చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాను. గొడవే కాలేదు. వాళ్లు దుకాణం ముందు గట్టు మీద వరసగా కూర్చున్నారు. సుజాత డబ్బాను కౌంటరు మీద పెట్టి, మూత తీసి, ఇనుప ముక్కను దాని పక్కన పెట్టింది.

"ఏందమ్మా ఇది, గిరాకీ టైముల" అన్నాడు ఓనరు.

"గిరాకీ చూస్కో సార్. మేం కూసుంటం" అంది సుజాత.

ఒక అబ్బాయి, వాళ్ల నాన్న వచ్చి ఒక కంప్యూటర్ బేరం చేశారు. గట్టు మీది నుంచి ఒక పెద్దమ్మ అడిగింది. "మూత తీపిచ్చి చూసినవా అయ్యా?"

తండ్రి ఆగాడు. కౌంటరు మీది ఇనుప ముక్కను చూశాడు. "మూత తియ్యి" అన్నాడు ఓనరుతో.

"సీల్ ఉందండీ, తీస్తే వారంటీ పోతది."

"తియ్యకుంటే గిరాకీ పోతది" అంది పెద్దమ్మ. జోకు నా కంటే బాగా వేసింది. నేను చేతుల మడతలు విప్పేశాను.

తండ్రీకొడుకులు వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లనూ అదే ప్రశ్న పలకరించింది. ఎవరూ కేకలు వేయలేదు, ఎవరినీ తిట్టలేదు. మధ్యాహ్నం సద్ది మూటలు విప్పి, ఓనరును కూడా తినమని పిలిచారు. అతను పోలీసులకు ఫోను చేస్తానన్నాడు. "చెయ్యి సార్, ఆళ్లకు గూడ మూత తీసి చూపిద్దం" అంది సుజాత. ఫోను జేబులోకి వెళ్లిపోయింది.

ఎండ వాలేసరికి అతను నా వైపు తిరిగాడు. "తమ్ముడూ, ఏమేం గావాలె?"

"నన్ను గాదు, ఆమెనడుగు."

సుజాత చెప్పింది. ఐ ఫైవ్ రెండో తరానిదే కావాలంది. మూడో తరానిది వేస్తే బయోస్ అప్‌డేట్ చేయకుండా ఆ పాత బోర్డు గుర్తుపట్టకపోవచ్చని బస్సులో నేను చెప్పింది మర్చిపోలేదు. నాలుగేసి జీబీల ర్యామ్ ముక్కలు రెండు, ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగింది. అతను తీసి ఇచ్చినవన్నీ ఆ కౌంటరు మీదే, అందరి ముందే బిగించాను. కొత్త పేస్టు రాసి, ఫ్యాను పెట్టి, స్విచ్ వేసి, ముందుగా బయోస్ తెరిచి సుజాతకు చూపించాను. ఐ ఫైవ్, ఎనిమిది జీబీ. ఈసారి డబ్బా సొంత నోటితో చెప్పింది. విండోస్ కొత్తగా ఎక్కించాక ఆమె లేచి స్విచ్ ఆపి, మళ్లీ వేసింది. చాయ్ పెట్టుకునే టైము కూడా ఇవ్వకుండా అది ముఖం చూపించింది.

ఓనరు మూత తెచ్చి ఇచ్చాడు. తాత దాన్ని చంకలో పెట్టుకున్నాడు, బిగించనివ్వలేదు. ఇంటికి వెళ్లాక మళ్లీ వేల్పుకు చూపించాలట, తెరిచి.

సోమవారం సారు వచ్చాడు. మర్నాడు సుజాత నా దుకాణానికి వచ్చింది. సెంటర్ మంజూరైంది. నేను సంతోషంతో లేచి నిలబడితే, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని అసలు సంగతి చెప్పింది. సారు మిషన్ ఆన్ చేయలేదు. డబ్బా ముందుకు వంగి స్టిక్కరు చదివి, ఫొటో తీసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ పాత స్టిక్కరే. ఖమ్మంలో అంటించిందే.

అంటే లోపల పెంటియమ్, ఇనుప ముక్క ఉన్నా సెంటర్ వచ్చేదన్నమాట. నేను చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద విసిరికొట్టాను. అమ్మేవాడు స్టిక్కరు అంటిస్తాడు, చూసేవాడు స్టిక్కరు చదువుతాడు. మధ్యలో ఓటీపీ గడువు దాటిపోయి, వేలిముద్ర మళ్లీ మళ్లీ వేయలేక వెనక్కి నడిచిపోయేది గూడెం ముసలివాళ్లు. వాళ్ల కాళ్ల నొప్పి ఏ ఫొటోలోనూ పడదు.

"గంత కోపమెందుకన్నా" అంది సుజాత. "సారు స్టిక్కర్ చూసిండు. రేపటి సంది వచ్చేటోళ్లు స్టిక్కర్ చూడరు గదా. ఆళ్లకు పనైతే చాలు."

ఆమె మాటతో నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. ఖమ్మంలో ఆ దుకాణం ఇంకా నడుస్తోంది, అతను ఇంకా ఎవరికో దండం పెడుతూనే ఉంటాడు. నాకు ఆ కేసు నేర్పింది ఒకటే. ఆ రోజు నుంచి నా దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఏ కేబినెట్‌కూ పక్క మూత ఉండదు. దుమ్ము పడుతుందని కొందరు అంటారు. పడనివ్వండి, దుమ్ము అయితే తుడిస్తే పోతుంది. కొన్నవాళ్లు లోపల చూసి, చాలనిపించాకే మూత బిగిస్తాను.

గూడెం సెంటర్‌కు నేను అప్పుడప్పుడు సర్వీసుకు వెళ్తాను. కిటికీ పక్కన సుజాత బల్ల ఉంటుంది. గుట్ట మీది గాలికి పింఛను కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఆ ఇనుప ముక్క పెట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు ఇదేందని అడిగితే తాత చెబుతాడు.

"పుచ్చు. ఏరినం."