నిద్రపోతున్న కంప్యూటరులోకి అత్తయ్య పాటలు

ఆ రోజుల్లో మా విజయనగరంలో విండోస్ వదిలేసి లినక్స్ వాడేవాడంటే సన్యాసం పుచ్చుకున్నవాడితో సమానం. పుచ్చుకున్నవాడు ఊరుకోడు కదా, పక్కవాడికీ ఇప్పించాలని చూస్తాడు. నాకు దొరికినవాడు మా మావయ్య. కొత్తగా ఉద్యోగంలో చేరి ఆయనింట్లోనే ఉంటూ, తిన్న తిండికి కృతజ్ఞతగా ఆయన కంప్యూటరులో విండోస్ పక్కనే లినక్స్ కూడా ఎక్కించాను (ఆయన అడగలేదు). మావయ్య వయొలిన్ మాస్టారు. అత్తయ్య పిల్లలకి పాట చెప్పేది. ఆవిడ చెబుతుంటే నేను లినక్స్‌లో రికార్డు చేసి పెట్టాను. ఆ వేసవిలో అత్తయ్య హఠాత్తుగా పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

మావయ్యకి విండోస్ తప్ప రాదు. అందులోంచి చూస్తే లినక్స్ వైపున్నవి కనబడవు. "మీ అత్త గొంతు ఇనాలంటే నీ కోసం కాసుక్కూకోవాలేటిరా?" అన్నాడోరోజు. నాకు సిగ్గేసింది. రెండు వైపులకీ కనబడేది డి డ్రైవు ఒక్కటే, ఉమ్మడి వాటా అన్నమాట. పాటలన్నీ అందులోకి మార్చేద్దామని కూర్చుంటే లినక్స్ ససేమిరా అంది. విండోస్‌ని సరిగ్గా ఆపలేదట, కాబట్టి ఆ డ్రైవులో ఉన్నవి చూడొచ్చు గానీ కొత్తవి పెట్టకూడదట. మావయ్యనడిగాను. దీపం కొండెక్కిందనాలి గానీ ఆరిపోయిందనకూడదని పెరిగినవాణ్ణి, సంజెవేళ ఆపమని ఎలా నొక్కుతాను, రోజూ నిద్రపుచ్చుతున్నాను అన్నాడు. నిజమే, మానవుడు రోజూ హైబర్నేటే నొక్కుతున్నాడు.

విండోస్‌ని లేపి, సక్రమంగా ఆపి వస్తే సరిపోయేది. కానీ నేను నిపుణుణ్ణి. ఇంటర్నెట్టులో ఎవరో మహానుభావుడు చెప్పిన కమాండొకటి కొట్టి, బలవంతంగా తలుపు తీయించి, పాటలన్నీ కట్ చేసి అందులో పడేశాను. (కాపీ చేయడం భయస్తుల లక్షణమని అప్పట్లో నా అభిప్రాయం.)

మర్నాడు పొద్దున్నే మావయ్య విండోస్‌ని లేపాడు. పడుకునేముందు చూసిందే లోకమనుకుని లేచిన ఆ విండోస్, మధ్యలో వచ్చిన పాటల్ని గుర్తించలేదు సరికదా, తన పాత లెక్కనే మళ్ళీ రాసేసుకుంది. డి డ్రైవులో పాట ఒక్కటీ లేదు. మావయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనాయేటిరా?" అన్నాడంతే.

డిస్కు బాగుచేసే ప్రోగ్రాము పెట్టి, తిండి మానేసి ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఫైళ్ళు దొరికాయి గానీ పేర్లు పోయి ఉత్త అంకెలు మిగిలాయి. ఏది ఏ పాటో తెలియాలంటే అన్నీ వినాల్సిందే. మావయ్య ఒక్కొక్కటే విని చెబుతుంటే నేను పేర్లు పెడుతున్నాను. ఒకదాంట్లో పాట లేదు. రికార్డింగు ఆగిపోయిందనుకుని అత్తయ్య నాతో మాట్లాడుతోంది.

"మీ మావకి సెప్పకురా, పొంగిపోతాడు. ఆయన వాయిస్తంటే నాను పొయ్యి తగ్గించీసి మరీ ఇంటాను."

నేనా మాట నిజంగానే ఆయనకి చెప్పలేదు. మర్చిపోయాను కూడా. మావయ్య కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నాడు. విన్నాడు. దీనికేం పేరు పెట్టమంటావని అడిగాను.

"పేరెట్టకు. అంకే ఉండనీ. ఎవులూ తెరవరు."

ఇప్పుడు ఆఫీసులో ఏ కుర్రాడైనా ఇలాంటి పని చేస్తే కేకలేసేది నేనే. ఆనాటి కుర్రవెధవని మాత్రం ఎంత ప్రయత్నించినా తిట్టలేను, నవ్వొచ్చేస్తుంది. వాడికి కాస్త బుద్ధి ఉండుంటే, మావయ్య ఆ మాట వినకుండానే ఉండిపోయేవాడు.